గేరుబాక్సు విప్పితే తప్పేమిటి?

పాత స్పోర్ట్స్ కారు గేరుబాక్సును విప్పి, పళ్ళచక్రాలూ షాఫ్టులూ బల్ల మీద పేర్చి జనానికి చూపిస్తామంటే కొందరికి ప్రాణం చివుక్కుమంటుంది. అంత అపురూపమైన వస్తువును ముక్కలు చేస్తారా అని అడుగుతారు. నా అభిప్రాయం వేరు. మూత బిగించి ఉన్న గేరుబాక్సు చూసేవాడికి ఒక ఇనప డబ్బా, అంతే. విప్పినప్పుడే అది పాఠమవుతుంది. ఆ పాఠం మన పాతబస్తీలో తప్పకుండా ఉండాలని నేనంటాను.

మిత్రులారా! మనలో చాలామంది చౌమహల్లా ప్యాలెస్ చూసే ఉంటారు. 2005లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. 2010లో యునెస్కో వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. అక్కడ నిజాముల కార్లున్నాయి. వాటిలో పసుపుపచ్చగా మెరిసే 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు అందరూ ఆగుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారది. 1911లోనే ఆయన చనిపోవడంతో ఎక్కే యోగం లేకపోయింది. ఆ కారు ముందు నిలబడితే రంగు కనిపిస్తుంది, సింహాసనం లాంటి సీటు కనిపిస్తుంది. దాన్ని నడిపినవాడి చేతికీ కాలికీ ఎంత పని ఉండేదో మాత్రం కనిపించదు.

అప్పట్లో ఏ కారుకూ సింక్రోమెష్ లేదు. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ తెచ్చేదాకా గేరు మార్చడం ఒక విద్య. పై గేరు నుంచి కింది గేరుకు రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ తొక్కి ఇంజను వేగం పెంచాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. రెండు చక్రాల వేగం కలవకపోతే పళ్ళు కరకరమంటాయి. మా నాన్న దీన్నే "డబుల్ క్లచ్" అంటాడు. ఆయన మూడో తరగతితో బడి మానేసి, లారీ క్లీనరుగా చేరి డ్రైవరయ్యాడు. పాత లారీల్లో ఇదే పద్ధతి. చప్పుడు విని ఏ గేరు అరిగిందో చెప్పేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్. చిన్న చక్రానికి 20 పళ్ళు, పెద్దదానికి 40 ఉంటే వేగం సగమై, తిప్పే బలం రెట్టింపవుతుందని నేను కాగితం మీద రుజువు చేస్తాను. ఘాటు రోడ్డు మీద లోడు బండితో ఆయన దాన్ని ముప్ఫై ఏళ్ళు రుజువు చేశాడు. మార్కులు వచ్చింది నాకు!

అందుకే గేరుబాక్సు విప్పాలంటున్నాను. జాగ్వార్ ఇ-టైప్ సంగతే చూడండి. 1961లో వచ్చిన పేరుమోసిన స్పోర్ట్స్ కారు. అంత గొప్ప బండికీ మొదట్లో ఒకటో గేరుకు సింక్రోమెష్ లేదు. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో పాటు అన్ని ముందు గేర్లకూ సింక్రోమెష్ ఉన్న కొత్త గేరుబాక్సు పెట్టారు. ఈ రెండూ పక్కపక్కన విప్పి పెడితే కంచుతో చేసిన చిన్న ఉంగరం ఒకటి డ్రైవరు పనిని ఎంత తేలిక చేసిందో పదో తరగతి పిల్లాడికి కూడా తెలుస్తుంది. రివర్సులో బండి ఎందుకు కూతపెడుతుందో కూడా. మామూలుగా ముందు గేర్ల పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, రివర్సు పళ్ళు నిటారుగా ఉంటాయి. ఈ మాట చెప్పడానికి పుస్తకంలో రెండు పేజీలు పట్టింది.

అలాగని నిజాం కారు మీద పానా వేయమని నేననను. అది నిండుగా ఉండటమే దాని విలువ. పెంకు పగిలి, పళ్ళు విరిగి, ఎలాగూ బండికెక్కని గేరుబాక్సును తీసుకోవాలి. కోయడం వేరు, విప్పడం వేరు. పెంకు కోస్తే మళ్ళీ అతకదు. విప్పింది మాత్రం, ప్రతి బోల్టుకూ చీటీ కట్టి, వరుస తప్పకుండా ఫొటోలు తీసి ఉంచుకుంటే మళ్ళీ బిగించవచ్చు. నూనె దించి కిరసనాయిలుతో కడిగితే చాలు. క్రోమియం పూత పూసి పెళ్ళికొడుకును చేయనక్కరలేదు. విరిగిన పన్ను విరిగినట్టే ఉండాలి, ఎవడో తొందరపడి గేరు వేసిన సాక్ష్యమది. ఒక పక్క తిప్పే పిడి పెట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ బయటికొచ్చే వేళకు జనం ఎలా గుమిగూడతారో చూశాం కదా! కదిలేదాన్ని చూడాలని అందరికీ ఉంటుంది.

ఇంకొక్క షరతు. పక్కన పెట్టే బోర్డు తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి. దాని మీద కారు యజమాని పేరొక్కటే రాస్తే నేను ఒప్పుకోను. విప్పిన ఉస్తాదు పేరు, కడిగిన కుర్రాడి పేరు కూడా రాయాలి. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ కారు, బర్గరు కారు చూసి నవ్వుకుంటాం. తుక్కు సామానుతో, చేతి పనితో పుట్టిన బళ్ళవి. అక్కడ చేసినవాడి పేరే మ్యూజియం పేరైంది. అలాంటి గౌరవం పాతబస్తీ షెడ్లలో పనిచేసే మిగతావాళ్ళకు ఎందుకు దక్కకూడదు?

స్పోర్ట్స్ కారు గేరుబాక్సు మన హాస్టల్‌కు ఎక్కడ దొరుకుతుందని నవ్వకండి. తుక్కు దుకాణంలో మారుతి 800ది దొరుకుతుంది. నాలుగు గేర్లు, అవే సింక్రో ఉంగరాలు, అదే సూత్రం. వచ్చే వార్షికోత్సవానికి రంగు కాగితాల చార్టులు కాస్త తగ్గించి, డైనింగ్ హాలులో ఒక బల్ల దీనికి ఇవ్వమని వార్డెన్ గారిని అడుగుదాం. షెడ్లలో, ఆర్టీసీ డిపోల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులెవరైనా ఉంటే ఆ రోజు పొద్దున్నే రండి. మా నాన్నను నేను తీసుకొస్తాను, పానాల సంచీతో సహా.