ముందు పరీక్ష, తర్వాత ఓటు

నగరంలో కార్ల రద్దీ ఎలా తగ్గుతుంది? ఈ ప్రశ్నకు ప్రతివాళ్ళ దగ్గరా ఒక జవాబు ఉంటుంది, రుజువు మాత్రం ఉండదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోం ఆ రుజువు కోసం ప్రయత్నించింది.

2005 ఆగస్టులో అక్కడ అదనపు బస్సులు వేశారు. కార్లు పెద్దగా తగ్గలేదు. 2006 జనవరి 3 నుంచి నగరం నడిబొడ్డులోకి వచ్చిపోయే వాహనాలపై పన్ను పెట్టారు. సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. జులై 31న పన్ను ఆపేశారు. కార్లు చాలావరకు తిరిగొచ్చాయి. కారణమేదో తేల్చడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పరీక్షకు ముందు ఎక్కువమంది ఈ పన్నును వ్యతిరేకించారు. 2006 సెప్టెంబరు 17న ఓటు పెడితే నగరవాసుల్లో మెజారిటీ ఒప్పుకున్నారు. ఓటింగ్ జరిపిన శివారు పట్టణాల్లో ఎక్కువభాగం కాదన్నాయి. నిజమే. రద్దీ తగ్గిందన్న లెక్క దానివల్ల మారదు. 2007 ఆగస్టులో పన్ను శాశ్వతమైంది.

నన్ను ఆకట్టుకున్నది పన్ను కాదు, పద్ధతి. కళ్ళారా చూశాక అభిప్రాయం మార్చుకోవడం పరువుతక్కువ కాదని ఒక నగరం చూపించింది. మన దగ్గర ఫ్లైఓవర్ భూమిపూజకు ముహూర్తం తప్పకుండా చూస్తారు. కట్టాక రద్దీ తగ్గిందా, ఎంత తగ్గిందని అడిగేవాళ్ళు ఎంతమంది? ఆ లెక్క అడగడం హేతువాదుల పని కూడా.