లూసియా కోసం ఎదురుచూపులు - మన ప్రశ్నలు

ఒక వీడియో గేమ్ గురించి మన పత్రికలో సంపాదకీయమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. వరకట్నం, గృహహింస, కూలిరేట్లు, భూమి హక్కు - రాయవలసినవి ఇన్ని ఉండగా మగపిల్లలు తెర ముందు కూర్చుని ఆడుకునే ఆటతో మనకేం పని అనిపించవచ్చు. కానీ ఆ పిల్లలు మన ఇళ్లలోని పిల్లలే. వాళ్లు ఏళ్ల తరబడి దేనికోసం ఎదురుచూస్తున్నారో, అందులో స్త్రీకి ఇచ్చిన స్థానమేమిటో తెలుసుకోవలసిన బాధ్యత మనకుంది.

ఆ ఆట పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో. తయారుచేసేది రాక్‌స్టార్ గేమ్స్ అనే కంపెనీ. కార్లు దొంగిలించడం, దోపిడీలు, కాల్పులు - ఇదీ ఆట సారాంశం. 2013 సెప్టెంబరులో వచ్చిన ఐదవ భాగం మూడు రోజుల్లోనే 100 కోట్ల డాలర్ల వ్యాపారం చేసింది. ఇప్పటివరకు 20 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఆరవ భాగానికి తొలి ప్రచార చిత్రం 2023 డిసెంబరులో విడుదలైతే ఒక్కరోజులో 9 కోట్లకు పైగా సార్లు చూశారు. 2025లో రావలసిన ఆట 2026 మే నెలకు, అక్కడినుంచి 2026 నవంబరు 19కి వాయిదా పడింది. ఈ లోపల ప్రపంచమంతటా ఊహాగానాలే. ఇదంతా మనకు దూరపు వ్యవహారమేమీ కాదు. 2000 తర్వాత మన పట్టణాల్లో వెలసిన ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి పిల్లలు ఆడిన వైస్ సిటీ ఈ వరసలోదే. కొత్త ఆట మళ్లీ ఆ నగరంలోనే జరుగుతుంది.

ఈసారి విశేషమేమిటంటే ఇద్దరు ప్రధాన పాత్రల్లో ఒకరు స్త్రీ. పేరు లూసియా. లాటిన్ అమెరికన్ మూలాలున్న యువతి. మొదటి ప్రచార చిత్రం ఆమె జైలు దుస్తుల్లో ఉండగానే మొదలవుతుంది. నడక వచ్చినప్పటినుంచే తండ్రి ఆమెకు కొట్లాట నేర్పాడనీ, కుటుంబం కోసం పోరాడి జైలు పాలయిందనీ కంపెనీ చెబుతోంది. 2001 నుంచి వచ్చిన ఈ వరస ప్రధాన ఆటలన్నిటిలో కథ నడిపింది మగవాళ్లే. ఐదవ భాగంలో ముగ్గురు కథానాయకులుంటే ముగ్గురూ మగవాళ్లే. మగతనమే ఆ కథకు కీలకమని అప్పట్లో రచయితలు సమర్థించుకున్నారు. కాబట్టి లూసియా రాకను చిన్న మార్పుగా కొట్టిపారేయలేం.

అయితే ఆమె అడుగుపెట్టబోయే ఊరు ఎలాంటిది? ఇప్పటివరకు ఈ ఆటల్లో వీధుల్లో కనబడే స్త్రీలలో చాలామంది అలంకారంగానో, హాస్యానికో ఉన్నవారు. ఆటగాడు ఒక సెక్స్ వర్కర్‌ను కారెక్కించుకుని, డబ్బిచ్చి, తన శక్తిని పెంచుకుని, ఆ తర్వాత ఆమెను చంపి ఆ డబ్బు తిరిగి తీసుకోవచ్చు. ఇది దాపరికమేమీ లేని సంగతి. దీన్ని ఎంతోమంది తమాషాగా చెప్పుకున్నారు. 2014 డిసెంబరులో ఆస్ట్రేలియాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఐదవ భాగాన్ని అమ్మకం నుంచి తీసేసింది. దానికి కారణమైన విజ్ఞాపన మొదలుపెట్టింది మత పెద్దలూ కాదు, రాజకీయ నాయకులూ కాదు. లైంగిక వ్యాపారంలో ఉండి హింసను అనుభవించి బయటపడిన స్త్రీలు. తాము అనుభవించినది ఇంకొకరికి వినోదం కావడం ఏమిటన్నదే వారి ప్రశ్న.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. ఆట ఎవరినీ చంపమని చెప్పదు, చేసే వీలు మాత్రమే ఇస్తుంది, ఎంచుకునేది ఆటగాడే అని. ఈ వాదనను కొంచెం పరిశీలించాలి. ఇంత పెద్ద నగరాలు నిర్మించినవారు ఆ నగరాల వీధుల్లో చిన్నపిల్లలను పెట్టలేదు. బడి పిల్లల మీద తుపాకీ ఎక్కుపెట్టే వీలు ఎవరికీ ఇవ్వలేదు. అంటే ఏది సాధ్యం కావాలి, ఏది కాకూడదు అన్నది తయారీదారులు ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం. పిల్లల విషయంలో గీత గీయగలిగినవారు స్త్రీల విషయంలో గీయలేదంటే అది మరిచిపోవడం కాదు. అమ్ముడుపోతుందని తెలిసి చేసిన పని.

ఇక్కడ మనమూ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆట ఆడిన కుర్రవాడు రేపు వీధిలోకి వచ్చి హత్యలు చేస్తాడని చెప్పడం సులభం. కానీ దానికి తగిన ఆధారాలు లేవు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ఇదే మాట చెప్పింది. అరవడం, నెట్టడం వంటి దురుసుతనంతో స్వల్ప సంబంధం కనబడినా, హింసాత్మక నేరాలకు వీడియో గేములే కారణమనడానికి చాలినంత రుజువు లేదంది. మన అభ్యంతరం నేరం గురించి మాత్రమే కాదు. ఏ బాధకు జాలిపడాలో, ఏ బాధకు నవ్వాలో మగపిల్లలు ఎక్కడో ఒకచోట నేర్చుకుంటారు. సినిమా నేర్పుతుంది, ఇల్లు నేర్పుతుంది, ఆట కూడా నేర్పుతుంది.

ఆ నవ్వుకు అడ్డం వచ్చిన స్త్రీలకు ఏం జరిగిందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2013లో కారొలిన్ పెటిట్ అనే సమీక్షకురాలు ఐదవ భాగానికి పదికి తొమ్మిది మార్కులిచ్చింది. అందులో స్త్రీ ద్వేషం ఉందని కూడా రాసింది. ఆ ఒక్క మాటకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని వేలమంది సంతకాలు పెట్టారు. వీడియో గేముల్లో స్త్రీ చిత్రణను విశ్లేషిస్తూ చిత్రాలు తీసిన అనితా సర్కీసియన్ 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడవలసి ఉండగా, సభలో కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. ఆమె ఆ సభను రద్దు చేసుకోవలసి వచ్చింది. తెర మీద జరిగేది ఊరికే ఆట అన్నవారే, తెర బయట నిజమైన స్త్రీలను నిజంగానే భయపెట్టారు.

ఆట తయారయ్యే చోటు గురించి కూడా చెప్పుకోవాలి. 2010 జనవరిలో ఇదే కంపెనీకి చెందిన శాన్ డియాగో స్టూడియో ఉద్యోగుల భార్యలు ఒక బహిరంగ లేఖ రాశారు. తమ భర్తలు రోజుకు పన్నెండేసి గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేస్తూ ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారని వారి ఆవేదన. మనకు దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. భర్త ఇంటికి రాని ఆ గంటలన్నిటా ఇల్లూ పిల్లలూ ఎవరి మీద పడ్డాయో, కంపెనీ లాభాల లెక్కలో కనబడని ఆ చాకిరీ ఎవరిదో మనకు తెలుసు. 2025 అక్టోబరు చివరలో కంపెనీ బ్రిటన్, కెనడాలలో ముప్ఫైమందికి పైగా ఉద్యోగులను తొలగించింది. యూనియన్ పెట్టుకోబోయినందుకే ఇలా చేశారని కార్మిక సంఘం అంటోంది. రహస్య సమాచారం బయటపెట్టినందుకే అని కంపెనీ అంటోంది. ఈ కంపెనీకి బెంగుళూరులోనూ స్టూడియో ఉంది. 2019లో అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్ అనే పాత సంస్థను కొని అందులో కలుపుకుంది. అంటే ఈ శ్రమ ప్రశ్న మన దేశపు ప్రశ్న కూడా.

మరి మనం ఏం కోరాలి? నిషేధమా? అశ్లీల పోస్టర్లకు తారు పూసిన రోజులు, 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలకు వ్యతిరేకంగా నిలబడిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. సంస్కృతి పరిరక్షణ పేరుతో స్త్రీల దుస్తుల మీద, నడవడిక మీద ఆంక్షలు పెట్టేవారు మన పక్కనే వచ్చి నిలబడినప్పుడు ఎంత ఇబ్బంది పడ్డామో కూడా గుర్తుంది. మన విమర్శ శృంగారం మీద కాదు, హింస మీద. లూసియా దుస్తుల గురించి కాదు, ఆమెకు ఆ ఊరిలో మనిషిగా చోటుందా లేదా అన్నదాని గురించి. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధించే 1986 చట్టం రాసిననాడు ఇలాంటి వస్తువు ఎవరి ఊహలోనూ లేదు. సినిమాకు సెన్సారు బోర్డు ఉంది. ఏ ఆట ఏ వయసు పిల్లలకు తగినదో చెప్పే చట్టబద్ధమైన బోర్డు మన దేశంలో లేదు. కనీసం ఆ సమాచారం తల్లిదండ్రులకు మన భాషలో అందాలని అడగడం న్యాయమైన కోరిక.

స్త్రీ చేతికి తుపాకీ ఇవ్వడమే సమానత్వం కాదు. లూసియా కథ నడుపుతున్నా, ఆ వీధి మలుపులో నిలబడిన పేరులేని స్త్రీ మళ్లీ చచ్చి డబ్బు రాల్చే బొమ్మగానే ఉంటే మారింది ఒక్క పాత్ర మాత్రమే, ఆట కాదు. కొత్త ఆటలో వెనుకబడిన వర్గాలను ఎగతాళి చేసే హాస్యం తగ్గించాలని తయారీదారులు జాగ్రత్త పడుతున్నారని 2022లో వార్తలొచ్చాయి. నిజమే అయితే అది ఎవరి దయా కాదు. ఇన్నేళ్లుగా తిట్లు తింటూ ప్రశ్నించిన స్త్రీల కృషి ఫలితం.

ఆట విడుదలయ్యాక ఎలా ఉంటుందో అప్పుడే తేలుతుంది. ఆలోగా మనం చేయగలిగినది ఒకటుంది. ఇంట్లో, హాస్టల్లో, మనం నడిపే కిశోర బాలుర శిక్షణా తరగతుల్లో ఆ పిల్లల పక్కన కూర్చుని అడుగుదాం - ఈ ఆటలో ఆమె పేరేమిటి? ఆమెకు ఇల్లుందా? ఆమెను చంపితే నువ్వెందుకు నవ్వావు? కోపంతో కాదు, తెలుసుకోవాలన్న ఆసక్తితో అడుగుదాం. వాళ్లు చెప్పిన జవాబులు మన పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికలో చర్చ అక్కడినుంచే మొదలుపెడదాం.