ఏ ఊరు మంచిది? ఎవరికి?

అమెరికాలో ఇల్లు కొనబోతున్నామని తెలుగువాళ్ళ మధ్య నోరు జారితే చాలు, సలహాలు వరస కడతాయి. స్కూల్ రేటింగ్ తొమ్మిదికి తగ్గకూడదు. గుడి ఇరవై నిమిషాల్లో ఉండాలి, ఇండియన్ గ్రోసరీ పది నిమిషాల్లో. తూర్పు ఫేసింగ్ దొరికితే వదలొద్దు. అన్నీ అయ్యాక, గొంతు కాస్త తగ్గించి, "ఆ వైపు మాత్రం వద్దు, ఏరియా మంచిది కాదు" అంటారు. ఎందుకు మంచిది కాదో ఎవరూ చెప్పరు. చెప్పకుండానే అందరికీ అర్థమవుతుంది.

ఈ సలహాలు ఊరికే చెప్పేవి కావు. వచ్చిన కొత్తలో పడ్డ ఇబ్బందుల్లోంచి పుట్టినవే. కాకపోతే అవన్నీ ఒక్క రకం కుటుంబాన్ని మనసులో పెట్టుకుని చెప్పేవి. భార్యాభర్తలిద్దరూ మనవాళ్ళే, పిల్లలూ మనలాగే ఉంటారు. మా ఇల్లు అలాంటిది కాదు. నాది విజయవాడ, మా ఆయనది బాల్టిమోర్. ఆయన నల్లజాతి అమెరికన్. మాకు ఆరేళ్ళ పాప. "ఆ వైపు వద్దు" అన్నప్పుడు, ఆ వైపు ఉండేది మా అత్తగారు.

ఏడాదిగా ఇళ్ళు చూస్తున్నాం. ఈ తిరుగుడులో నాకొక అభిప్రాయం గట్టిపడింది. మాలాంటి కుటుంబాలకు ఏ ఊరు మంచిదో రేటింగులూ జనాభా శాతాలూ చెప్పలేవు. పరీక్ష ఎదురైనప్పుడు ఆ ఊరు ఏం చేసిందో చూడాలి. ఇవాళ చాలా సబర్బ్‌లలో ఆ పరీక్ష రాస్తున్నవాళ్ళలో మనమూ ఉన్నాం.

ముందు కొంచెం చరిత్ర. రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్ దంపతుల కేసు గురించి చాలామంది వినే ఉంటారు. ఆయన తెల్లవాడు, ఆమె కాదు. 1958లో వాషింగ్టన్ డీసీలో పెళ్ళి చేసుకుని వర్జీనియాలోని తమ ఊరికి తిరిగి వెళ్ళారు. రాత్రిపూట పోలీసులు పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశారు. ఏడాది జైలు శిక్ష వేసి, 25 ఏళ్ళపాటు జంటగా వర్జీనియాలో అడుగుపెట్టకుండా ఉంటే శిక్ష నిలిపేస్తామన్నారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి. దీన్ని అందరూ పెళ్ళి హక్కు కేసు అంటారు. నాకు మాత్రం ఇది ఇంటి కేసు కూడా. డీసీలో వాళ్ళ పెళ్ళి చెల్లుతూనే ఉంది. వాళ్ళకు దక్కనిది సొంత ఊళ్ళో, అయినవాళ్ళ మధ్య కాపురం ఉండే హక్కు. మనవాళ్ళతో నిండిన ఆష్‌బర్న్, హెర్న్‌డన్ కూడా ఆ వర్జీనియాలోనివే.

మేముండే మేరీలాండ్ ఏమీ తక్కువ తినలేదు. జాత్యంతర వివాహాల మీద మొట్టమొదటి వలస చట్టం 1664లో ఇక్కడే పుట్టింది. దాని వారసులు రద్దయింది 1967లో, లవింగ్ తీర్పుకు కొంచెం ముందు. ఆ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకే, జూన్ 21న, ఇదే రాష్ట్రంలో కొలంబియా అనే కొత్త ఊరు మొదలైంది. జేమ్స్ రౌస్ అనే డెవలపర్ బాల్టిమోర్‌కూ వాషింగ్టన్‌కూ మధ్య పొలాలు కొని కట్టించాడు. ఏ రంగువాళ్ళకైనా ఇల్లు అమ్ముతామన్నది మొదటి రోజు నుంచీ ఉన్న నియమం. పెద్ద ఇళ్ళకు దగ్గర్లోనే అపార్ట్‌మెంట్లు ఉండాలన్నాడు. వేర్వేరు మతాలవాళ్ళు ఒకే ప్రార్థనా భవనం వాడుకునే ఏర్పాటు చేశాడు. ఇరుగుపొరుగు ఉత్తరాలకోసం వచ్చి కలుసుకుంటారని పోస్టుబాక్సులు కూడా గుంపుగా ఒకచోట పెట్టించాడు. దక్షిణాదిలో చాలా ఊళ్ళు నల్లపిల్లలను రానివ్వాల్సి వస్తుందని ఈతకొలనులనే మూసేసుకుంటున్న కాలం అది.

ఇల్లినాయ్‌లోని ఓక్ పార్క్ కథ ఇంకో రకం. పెర్సీ జూలియన్ గొప్ప రసాయన శాస్త్రవేత్త. ఆయన 1950లో అక్కడ ఇల్లు కొంటే ముందు నిప్పు పెట్టబోయారు, మరుసటి ఏడు డైనమైట్ విసిరారు. అదే ఊరు 1968లో అందరికీ ఇళ్ళు దక్కేలా స్థానిక చట్టం చేసుకుంది. పక్కనే షికాగోలో రియల్టర్లు "నల్లవాళ్ళు వస్తున్నారు, ధర ఉన్నప్పుడే అమ్ముకోండి" అని తెల్లవాళ్ళను బెదరగొట్టి వీధులకు వీధులు ఖాళీ చేయిస్తుంటే, ఓక్ పార్క్ 1972లో హౌసింగ్ సెంటర్ పెట్టి, ఒక్కో వీధి ఒక్కో రంగుకు పోకుండా కాపు కాసింది. భయం పాకకుండా ఇంటి ముందు 'ఫర్ సేల్' బోర్డులు కూడా వద్దంది. ఈ పద్ధతి మీద విమర్శలున్నాయి. తెల్లవాళ్ళు వెళ్ళిపోకుండా చూడటమే దీని అసలు ఉద్దేశమనీ, నల్లవాళ్ళు ఎక్కడ ఉండాలో ఇంకొకరు లెక్కలేయడమేమిటనీ. ఆ విమర్శలో నిజముంది. కానీ చేతులు ముడుచుకు కూర్చున్న చుట్టుపక్కల ప్రాంతాలు ఏమయ్యాయో కూడా పక్కన పెట్టి చూడాలి.

ఈ రెండు ఊళ్ళూ స్వర్గాలని చెప్పడం లేదు. మంచితనం వాటంతట అవే పూసిన పువ్వు కాదని చెబుతున్నాను. ఎవరో నియమాలు రాశారు, ఎవరో సమావేశాల్లో గంటలకొద్దీ కూర్చున్నారు, ఎవరో డబ్బు నష్టపోయారు.

ఇక ఇళ్ళు వెతకడం. "మాలాంటివాళ్ళకు ఏ ఊరు బాగుంటుంది?" అని మా రియల్టరును అడిగాను. ఆవిడ నవ్వి, అది నేను చెప్పకూడదు, మీరే తిరిగి చూసుకోండి అంది. ఆవిడ చెప్పింది సబబే. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం జాతిని బట్టి కొనేవాళ్ళను ఒక వైపుకు తోలడం చట్టవిరుద్ధం. చట్టం ఉన్నంత మాత్రాన తోలడం ఆగలేదనుకోండి. న్యూస్‌డే పత్రిక మూడేళ్ళు శ్రమించి, లాంగ్ ఐలండ్ రియల్టర్ల దగ్గరికి రహస్య కెమెరాలతో మనుషులను పంపి, 2019 నవంబరులో ఫలితాలు అచ్చేసింది. నల్లజాతివాళ్ళకు 49 శాతం పరీక్షల్లో, హిస్పానిక్‌లకు 39 శాతంలో, ఆసియావాళ్ళకు 19 శాతంలో తెల్లవాళ్ళతో సమానమైన మర్యాద దక్కలేదు. ఈ లెక్కలో నేను 19 వరసలో ఉంటాను, మా ఆయన 49 వరసలో. ఒకే కారులో వెళ్ళి ఒకే ఇల్లు చూస్తాం.

రియల్టరు నోటికి చట్టం ఉంది. మన వాట్సాప్ గుంపులకు లేదు. ఆవిడ చెప్పకూడనిదంతా అక్కడ అడక్కుండానే దొరుకుతుంది.

మొన్న వసంతంలో ఒక సబ్‌డివిజన్‌లో ఓపెన్ హౌస్‌కు వెళ్ళాం. సగానికి పైగా మనవాళ్ళే. గుమ్మాలకు తోరణాలు, గరాజుల ముందు ముగ్గులు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ పాపా లోపల వంటగది చూస్తుంటే, చుట్టుపక్కల ఎలా ఉందో చూస్తానని ఆయన వీధి చివరిదాకా నడిచి వచ్చారు. సాయంత్రం ఆ కాలనీలో ఉండే స్నేహితురాలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఎవరి డోర్‌బెల్ కెమెరాలోనో పడ్డ ఆయన వీడియో, కింద తెలుగులో "ఎవడో తిరుగుతున్నాడు, అందరూ జాగ్రత్త" అని. "ఆయన మా ఫ్రెండ్ వాళ్ళాయన, ఇల్లు చూసుకోవడానికి వచ్చారు" అని ఆమె రాశాక కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒకరు "సారీ అక్కా, సేఫ్టీ కోసం" అని ఒక దణ్ణం బొమ్మ పెట్టారు.

రాసినవాడు దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. రేపు మా ఇంటికొస్తే "బావగారూ" అని ఆయనతో ఆప్యాయంగా మాట్లాడేవాడే అయ్యుండొచ్చు. కానీ వీధిలో మనిషి నడిస్తే ముందు చేయి ఫోను మీదకు వెళ్ళే చోట, మా పాపకు పదిహేనేళ్ళొచ్చాక దాని స్నేహితులను, మేనమామ కొడుకులను, రాత్రి తొమ్మిదికి ధైర్యంగా రమ్మనగలనా? స్కూల్ రేటింగ్ తొమ్మిదున్నర ఈ ప్రశ్నకు జవాబు కాదు.

ఈ అలవాటును మనం అమెరికాలో నేర్చుకోలేదు. హైదరాబాదులో, విజయవాడలో టూ-లెట్ బోర్డు చూసి గేటు తడితే "మీరేమిట్లు?" అని అడుగుతారు. లేదా "నాన్‌వెజ్ వండుతారా?" అని చుట్టు తిరిగి అడుగుతారు. ఇంటి పేరు విని ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామంటారు. ఆ ప్రశ్న తట్టుకోలేక పేరు సగమే చెప్పుకుని అద్దెకున్నవాళ్ళు మనలో ఉన్నారు. "ఏరియా మంచిది కాదు" అన్నది అదే ప్రశ్న, వీసా వేయించుకుని విమానం దిగింది.

కొలంబియా ఉన్న హోవర్డ్ కౌంటీలో 2019లో పెద్ద గొడవ జరిగింది. పేదపిల్లలంతా కొన్ని బడుల్లోనే పోగుపడుతున్నారని, ఏడువేల మందికి పైగా విద్యార్థులను వేరే బడులకు మార్చే ప్రతిపాదన వచ్చింది. 'మర్యాదను ఎంచుకోండి' అన్న స్టిక్కర్లు కార్ల మీద అతికించుకునే కౌంటీ అది. అక్కడ నెలల తరబడి ఊరేగింపులు, అరుపులు. వ్యతిరేకించినవాళ్ళలో తెల్లవాళ్ళతో పాటు ఆసియా కుటుంబాలూ చాలానే ఉన్నాయి. నవంబరులో కొన్ని మార్పులతో బోర్డు ఆమోదించింది. వ్యతిరేకించడానికి న్యాయమైన కారణాలూ ఉన్నాయి: దూరం, మధ్యలో స్నేహాలు తెగిపోవడం, మంచి బడి కోసమే తలకు మించిన అప్పు చేసి ఇల్లు కొనడం. కానీ "ఆ పిల్లలు" అన్న మాట ఎక్కడ వినపడినా నాకు అందులో మా పాప కనపడుతుంది. రౌస్ ఊరు కట్టి వదిలేశాడు. దాన్ని నిలబెట్టుకోవాలా వద్దా అన్నది యాభై ఏళ్ళ తర్వాత ఇప్పుడున్నవాళ్ళు మళ్ళీ తేల్చుకోవాల్సి వచ్చింది.

"మనవాళ్ళ మధ్య ఉండాలనుకోవడం తప్పా?" అని నన్ను అడుగుతారు. తప్పు కాదు. నాకూ కావాలి. పాపకు తెలుగు రావాలి, బతుకమ్మకో బొమ్మల కొలువుకో పిలిచే ఇల్లు నాలుగుండాలి, అమ్మ వచ్చినప్పుడు సాయంత్రం కబుర్లాడటానికి తోటి పెద్దవాళ్ళుండాలి. పాపకు మాత్రం "మనవాళ్ళు" అన్న మాటలో రెండు వైపులా ఉన్నారు. ఒక వైపు దగ్గరవ్వాలంటే రెండో వైపును గుమ్మం బయట నిలబెట్టాల్సిన ఊరు దానికి సగం ఊరే.

"ఇప్పుడంత పట్టింపు ఎవరికుంది?" అనేవాళ్ళూ ఉన్నారు. అంకెలు వాళ్ళ వైపే ఉన్నాయి. నలుపు తెలుపు పెళ్ళిళ్ళను 1958లో 4 శాతం మంది ఒప్పుకుంటే 2021లో 94 శాతం ఒప్పుకున్నారని గాలప్ సర్వే చెబుతుంది. 2015లో కొత్తగా పెళ్ళయినవాళ్ళలో 17 శాతం వేరే జాతివాళ్ళను చేసుకున్నారని ప్యూ సంస్థ లెక్క. సంతోషమే. కానీ సర్వేలో అవునని చెప్పడం వేరు, పక్కింటికి వస్తే ఓర్చుకోవడం వేరు.

అందుకని ఇప్పుడు నేను చూసేవి వేరు. శనివారం పొద్దున ఊరి లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటాను. పిల్లలు రంగుల వారీగా కాక కలిసి ఆడుతున్నారా అని చూస్తాను. బడిలో మొత్తం శాతం అడగను, అడ్వాన్స్‌డ్ క్లాసులో ఎవరున్నారు, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అని అడుగుతాను. ఊళ్ళో అద్దె అపార్ట్‌మెంట్లున్నాయా, లేక రాకుండా పోట్లాడారా అని పాత కౌన్సిల్ సమావేశాల మినిట్స్ చదువుతాను. పాప ఉంగరాల జుట్టుకు జడలేయడం తెలిసిన మనిషి పావుగంట దూరంలో ఉందా అని చూస్తాను. అమ్మ రాసే కొబ్బరి నూనె ఒక్కటే దానికి చాలదు. చివరి పరీక్ష మా ఆయనది. ఆయన పొద్దున్నే ఒంటరిగా ఆ వీధుల్లో పరుగు తీసి వస్తారు. ఎంతమంది చెయ్యి ఊపారో, ఎంతమంది తలుపు వేసుకున్నారో ఇంటికొచ్చి చెబుతారు.

ఇల్లు ఇంకా దొరకలేదు. దొరుకుతుంది. ఈలోగా మీ వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి రావచ్చు, మీకు తెలియని మనిషి ఆ చుట్టుపక్కల నడవొచ్చు. ఫోను తీసేముందు ఒకసారి బయటికి రండి. "ఇల్లు చూడ్డానికి వచ్చారా?" అని అడగండి. అవునంటే, ఈ వీధిలో సాయంత్రం ఎండ ఎటు పడుతుందో, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో చెప్పండి. ఏ రియల్టరూ చెప్పలేని సంగతి ఆయనకు అప్పుడు తెలుస్తుంది.