నిలిచిన బండికి నిర్దోషపత్రము

మోటారుబండి ప్రజల యూపిరిని చెరచునది పరుగెత్తునప్పుడు. మన ప్రభుత్వము దానిని పరీక్షించునది నిలిచియున్నప్పుడు. పెట్రోలు బంకు ప్రక్కన నొక చిన్న గదిలో, బరువు లేక యూరక తిరుగుచున్న ఇంజను పొగగొట్టమునకు యంత్రమును తగిలించి, కార్బను మోనాక్సైడును, హైడ్రోకార్బనులను కొలిచి, కాలుష్యము అదుపులో నున్నదని పత్రము చేతి కిత్తురు. డీజిలు బండియైనచో పొగ నలుపు చూచి విడిచెదరు. ఊపిరితిత్తుల యడుగునకు జేరు సూక్ష్మధూళి యెంతయో, నైట్రోజను ఆక్సైడు లెంతయో ఆ పత్రమున నెంత వెదకినను కానరాదు. నిద్రించుచున్న దొంగను జూచి సాధువని వ్రాసి యిచ్చుట వంటిదే యిది.

చేయవలసిన లెక్క వేరు. ఏ వీధిలో ఏ గంటకు ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు, ఎన్ని ద్విచక్రములు పోవుచున్నవి, ఎంత వేగముతో పోవుచున్నవి, ఎన్ని తావుల నాగి మరల కదలుచున్నవి యెంచవలెను. ఒక్కొక్క తరగతి బండి కిలోమీటరునకు విడుచు విషముతో దానిని గుణింపవలెను. పిమ్మట గాలి వీచు దిక్కును, వీధి కిరుప్రక్కల మేడల యెత్తును చేర్చి, ఆ పొగ ఏ బడి వాకిట, ఏ సంతలో పేరుకొనునో తేల్చవలెను. ఇది క్రొత్త విద్య కాదు. కాలిఫోర్నియా రహదారుల శాఖవారు 1972లోనే ఇట్టి గణిత నమూనాను వెలువరించిరి.

"కాగితముపై లెక్కలు పొగ నాపునా?" యని కొందరు పెద్దలు పరిహసింతురు. ఆపవు. కాని లెక్క చూడని వేటు ఎక్కడ పడునో ఢిల్లీ చూపినది. 2016 జనవరిలో పదునైదు దినములు సరి సంఖ్య, బేసి సంఖ్య యని కార్లను వంతులవారీగా నిలిపిరి, ద్విచక్రములను విడిచిపెట్టిరి. ఆ యేడే వెలువడిన కాన్పూరు ఐ.ఐ.టి. నివేదికను బట్టి, ఆ నగరమున వాహనములు విడుచు సూక్ష్మధూళిలో లారీల పాలు 46 శాతము, ద్విచక్రములది 33, కార్లది సుమారు 10 మాత్రమే!

లెక్కకు మూలమైన అంకెలు సయితము నిజమైనవి కావలెను. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ వారి మోసము బయలుపడినప్పుడు లోకము నివ్వెరపోయినది. పరీక్షాశాలలో శుద్ధముగా నడచిన ఆ డీజిలు కార్లు రోడ్డుపై నైట్రోజను ఆక్సైడులను పరిమితికి నలువది రెట్ల వరకు విడిచినవని అమెరికా ప్రభుత్వము వెల్లడించినది. మన దేశమున 2023 ఏప్రిలు నుండి క్రొత్త కార్లకు రోడ్డుపై పరీక్ష విధింపబడినది. మంచిదే. పాత లారీల మాట యేమి?

2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు ప్రణాళికలో విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదు చేరినవి. ఆ ప్రణాళిక క్రింద దేశమున వ్యయమైన ధనములో పెక్కు భాగము రోడ్ల దుమ్ము నణచుటకే పోయినది. పొగ మాట వచ్చినప్పుడెల్ల పైవంతెన యొక్కటే మన వారికి తోచు మందు. రద్దీ తగ్గునట, పొగ తగ్గునట! వంతెనపై వేగము పెరిగినకొలది క్రొత్త బండ్లు వచ్చి చేరవా? క్రింద నిలిచి తోపుడుబండిపై పండ్లమ్ముకొనువాని ముక్కున కేమి మిగులును? లెక్కయే వంతెన పక్షమున తీర్పు చెప్పినచో మేమును దానిని స్వాగతింతుము. కాని టెండరు పిలుచుటకు పూర్వము ఆ లెక్కను తెలుగులో అచ్చువేసి పురపాలక సభ ముందుంచవలెను. ఒక్కొక్క ప్రతిని ప్రతి గ్రంథాలయమునకు బంపవలెను.