ఏడాకుల శాస్త్రం, ఊహల నామకరణం



ఈసారి ఛందస్సు గురించి గాని, సంధుల గురించి గాని రాయడం లేదు. గులాబీల గురించి రాస్తున్నాను. అదీ కోపంతో రాస్తున్నాను. ఆ కోపంలో సగం నా మీదే.

మా నిజామాబాదులో గులాబీలు పెంచేవారికి ఒక సూత్రం వేదవాక్యం. ఈనెకు ఐదాకులుంటే మంచి గులాబి, ఏడుంటే అడవి మొక్క. ఏడాకుల కొమ్మ కనబడితే కోసెయ్యాలి. ముప్ఫై ఐదేళ్లు పిల్లలకు "ప్రమాణం లేని మాట ఒప్పుకోవద్దు" అని బోధించిన నేను, ఈ మాటకు ప్రమాణమేమిటని ఎవరినీ అడగలేదు.

మా పెరట్లో ఒక ఎర్ర గులాబి ఉండేది. బోధన్ శక్కర్‌నగర్‌లో, చక్కెర కర్మాగారం క్వార్టర్లలో ఉన్న తన అక్కగారింటి నుంచి మా ఆవిడ 1994 వానకాలంలో ఒక కొమ్మను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చి నాటింది. పువ్వు పెద్దదేమీ కాదు. తల వంచుకొని పూసేది. పరిమళం మాత్రం వీధి గుమ్మం దాకా వచ్చేది. ఆవిడ పోయాక దాని ఆలనాపాలనా నేనే చూశాను. ఒక ఏడు తొలకరికి కుదుట్లోంచి మూడు బలమైన కొమ్మలు లేచాయి. అన్నిటికీ ఏడేసి ఆకులు. తోటి ఔత్సాహికులొకరు చూసి, "అడవి మొలక సార్, వెంటనే తీసెయ్యండి" అన్నారు. కోశాను. మళ్లీ లేస్తే మళ్లీ కోశాను. పాత కొమ్మలు ముదిరి ఎండిపోయాయి. మరుసటి వేసవికి మొక్కే లేదు.

ఇప్పుడు తర్కం చూడండి. అడవి మొలక రావాలంటే అడవి వేరు ఉండాలి. మొగ్గ అంటు కట్టిన మొక్కకు వేరు ఒక జాతిది, పైభాగం మరొక రకానిది. అంటు కట్టిన చోటికి దిగువన పుట్టే మొలక వేరు మూలానిది. కాని కొమ్మ నాటి పెంచిన మొక్కకు అంటే లేదు. వేరూ తనదే, మొలకా తనదే. నేను కోసింది ఏ అడవి మొక్కనూ కాదు, ఆవిడ తెచ్చిన గులాబినే.

అంటు మొక్కల విషయంలోనూ ఈ సూత్రం నిలవదు. ఒకే పొద మీద మూడు, ఐదు, ఏడు ఆకుల ఈనెలు కలిసే ఉంటాయి. ఊపుతో లేచే కొత్త కొమ్మకు ఏడుండడం సర్వసాధారణం. వేరు మూలాలుగా వాడే వాటిలో ఐదాకులు వేసేవీ ఉన్నాయి. కాబట్టి లెక్కపెట్టవలసింది ఆకులను కాదు. మొదట్లో మట్టి తీసి, కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. అంటు కణుపుకు పైన పుడితే ఉంచండి. కింద పుడితే మొదలంటా లాగెయ్యండి.

ఇక రెండో దురాచారం నామకరణం. మొక్క పోయాక అలాంటిదే కొందామని ఒక నర్సరీకి వెళ్లాను. "ఏ రకం సార్?" అన్నాడు. చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. ఎర్రది, మంచి వాసన అన్నాను. "గిది కాశ్మీర్ గులాబ్ సార్, మస్తు వాసనొస్తది" అని ఒకటి చేతిలో పెట్టాడు. పూసింది, వాసన లేదు. అదే మొక్క మరో చోట "డచ్చి గులాబి" అయింది, ఇంకో చోట "బెంగుళూరు గులాబి" అయింది. కనబడిన ప్రతి చాటువునూ శ్రీనాథుడికి అంటగట్టే అలవాటు మనకు ఉండనే ఉంది. అంగడివాడిదే తప్పనను. ఆ పేర్లనే ఫొటోల కింద రాసుకొని, ఒకరికొకరు నిర్ధారణ పత్రాలిచ్చుకునే మనదీ తప్పే.

"పువ్వును చూసి ఆనందించాలి గాని పేరెందుకు?" అంటారు కొందరు. ఈ ప్రశ్న బోధన్ చెరకు రైతును అడగండి. చెరకూ గులాబి వంటిదే. ముక్క నాటితే తల్లి గుణమే వస్తుంది, గింజ నాటితే రాదు. అందుకే రైతు "చెరకు" అని ఊరుకోడు, రకం అడుగుతాడు. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రం నుంచి వచ్చిన కో 419 వంటి రకాలు అంకెతోనే దక్కను పొలాల్లో పేరు పొందాయి. మనకు దగ్గరలోని రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రమే ఉంది. తీపికి అంత లెక్క ఉన్న నేల మీద పరిమళానికి ఒక చీటీ కూడా లేకపోవడం ఏమి న్యాయం?

విదేశాల్లో మాత్రం ఒకే పువ్వుకు నాలుగు పేర్లు లేవా అనవచ్చు. ఉన్నాయి. ఫ్రాన్సులో మేయాన్ సృష్టించిన గులాబి అక్కడ 'మదాం ఆ. మేయాన్', జర్మనీలో 'గ్లోరియా దేయి', ఇటలీలో 'జోయా', 1945 నుంచి అమెరికాలో 'పీస్'. కాని ఆ నాలుగూ ఒకే మొక్కవని రాసిపెట్టి ఉంది. మన దగ్గర నాలుగు మొక్కలకు ఒకే పేరు, దానికీ రాత లేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, 1980లో ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్ గారు వేడి దేశాలకు తగిన గులాబీల కోసం అడవి జాతులతో సంకరాలు చేశారు. ఆయన ఒక గులాబికి 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని పేరు పెట్టారు. అది సరోజినీ నాయుడి కవితా సంపుటి పేరు, హైదరాబాదులో ఆమె ఇంటి పేరు. పేరంటే అలా ఒక చరిత్రను మోయాలి.

నా వర్ణన విన్న మిత్రుడొకరు, మీది 1897 నాటి 'గ్రుస్ ఆన్ టెప్లిట్జ్' అయివుంటుంది అన్నారు. ఎరుపు, పరిమళం, వంగిన తల, అన్నీ సరిపోతాయి. అయినా నేను అవుననను. మొక్క లేదు, సరైన ఫొటో లేదు. అనుమానాన్ని నిర్ణయంగా రాస్తే నేనూ ఆ అంగడివాణ్ణే.

నేను కోరేది కొంచెమే. మన ఎండలకు రంగు వెలిసి, రేకులు తగ్గిన పువ్వును చూసి రకం తేల్చవద్దు. అక్టోబరు కత్తిరింపు తర్వాత, చలికాలంలో పూసే పువ్వును చూడండి. రంగుతో పాటు ముళ్లు, మొగ్గ, పరిమళం, కొమ్మ పెరిగే తీరు కూడా రాయండి. తెలియకపోతే "తెలియదు" అని రాసి, ఎక్కడి నుంచి, ఏ ఏట తెచ్చారో చేర్చండి. పాత గులాబీలను దొరికిన ఊరి పేరుతో తాత్కాలికంగా పిలుచుకునే పద్ధతి విదేశాల్లో ఉంది; మనమూ పాటించవచ్చు.

శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ క్వార్టర్ల నుంచి ఏనాడో కొమ్మ తెచ్చుకున్న ఇళ్లు బోధన్‌లో, నిజామాబాదులో ఇంకా ఉండవచ్చు. మీ పెరట్లో తల వంచి పూసే ఎర్ర గులాబి ఉంటే, ఏడాకులున్నాయని కోయకండి. ఒక కొమ్మ నాకివ్వండి. చీటీ మీద "శక్కర్‌నగర్ ఎరుపు, అసలు పేరు తెలియదు" అని రాసుకుంటాను.

స్వస్తి.