లక్ష జరిమానా ఎవరికి బరువు?

నేరచట్టాల మార్పు అనగానే 2023లో పార్లమెంటు ఆమోదించిన భారతీయ న్యాయ సంహితే గుర్తొస్తుంది. మేము మాత్రం ఈ సంచికను కొల్లేటి గట్టు మీద మొదలుపెట్టాం.

1999లో కొల్లేరు సరస్సు +5 అడుగుల ఎత్తు కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైంది. అందులో చేపల చెరువు తవ్వితే వన్యప్రాణి చట్టం కింద నేరం. 2006లో యంత్రాలొచ్చి అలాంటి చెరువుల గట్లను తెంచాయి. అదే చట్టానికి సవరణ బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. జైరాం రమేష్ అధ్యక్షతన స్థాయీ సంఘం పరిశీలించింది. 2022 డిసెంబరు 8న రాజ్యసభ ఆమోదించింది. సాధారణ ఉల్లంఘనలకు జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది.

లక్ష! వందల ఎకరాల చెరువులు నడిపే పెట్టుబడిదారుకు మేత ఖర్చులో అదెంత? దోనె మీద వల వేసుకునే కుటుంబానికి మాత్రం కోలుకోలేని దెబ్బ.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా మా రచయితలు ఒకరితో ఒకరు ఏకీభవించరు. అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలన్న 2008 నాటి శాసనసభ తీర్మానం మీదైతే మా ఆఫీసులోనే గొంతులు లేచాయి. అయినా శిక్షలు ఖాయం చేసేటప్పుడు సరస్సులోని లంకగ్రామాల మాట ఎవరు విన్నారన్న ప్రశ్న అందరి రాతల్లోనూ ఉంది. ఆ తగవు మొత్తం మధ్య పేజీల్లో ఉంది, కత్తిరించకుండా వేశాం.