నరం పట్టేసిందా, కండ పట్టేసిందా?

ఓపీ గది ముందు బల్ల మీద కూర్చున్న వారిని "ఏమైందమ్మా?" అని అడిగితే ఎక్కువగా వినబడే జవాబు ఒకటే: "నరం పట్టేసింది బాబూ." నడుము వంగకపోయినా నరమే, మెడ తిరగకపోయినా నరమే, పిక్క పట్టేసినా నరమే. మన తెలుగులో ఈ ఒక్క మాట మీద చాలా బరువు పడింది. చేతి మీద నీలంగా ఉబ్బి కనబడే రక్తనాళాన్ని నరమంటాము. మడమ వెనుక తాడులా తగిలే దానినీ నరమంటాము. మెదడుకు, ఒంటికి మధ్య కబుర్లు మోసే అసలు నరాన్ని కూడ నరమే అంటాము. వాడుకలో ఇది చెల్లిపోతుంది. కాని వైద్యం దగ్గరకు వచ్చేసరికి ఈ కలగాపులగం వలన కొందరికి అందవలసిన మేలు అందడం లేదు, మరికొందరికి కీడే జరుగుతున్నది. మర్దన మంచిదేనా, ఈ మధ్య పట్టణాలలో బోర్డులు కనబడుతున్న ఆక్యుపంక్చర్ సూదులు పనిచేస్తాయా అని చాలామంది అడుగుతున్నారు గనుక, ఈ సంచికలో మా అభిప్రాయం చెప్పదలచుకున్నాము.

ముందుగా ఒక తల్లి సంగతి. ఆమెది పలాస వైపు. చిన్నప్పటి నుండి జీడిపిక్కల పని. ఉదయం కూర్చుంటే సాయంత్రం వరకు నడుము ఎత్తకుండా పిక్కలు కొట్టడం, పప్పు మీద తొక్క తీయడం. నడుము నొప్పికి ఊరిలో ఒక నొప్పి బిళ్ళ అలవాటు చేశారు. మొదట వారానికి ఒకటి, తరువాత రోజుకొకటి, ఆ తరువాత రోజుకు రెండు. నొప్పి మరీ ఎక్కువైన రోజున ఒక ఇంజక్షను. మా దగ్గరకు వచ్చింది కూడ నడుము కోసమే. రక్తం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఉండవలసిన దానికంటె బాగా ఎక్కువగా ఉన్నది. బిళ్ళ మానాలమ్మా అంటే, "బిళ్ళ మానెత్తే పన్లోకి ఎలాగెల్తాను డాక్టరమ్మా?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు మా దగ్గర ఆ రోజు సరియైన జవాబు లేదు. ఒప్పుకోవడానికి సిగ్గుపడము. బిళ్ళ మానమని చెప్పడం సులువు. దాని స్థానంలో ఏమి ఇస్తామన్నదే కష్టం.

ఉద్దానం సంగతి పాఠకులకు కొత్త కాదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మనకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నొప్పి బిళ్ళలే కారణమని మేము అనడం లేదు. కాని డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు మూత్రపిండానికి ఏమి చేస్తాయో బాగా తెలిసిన విషయమే. మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరచి ఉంచడానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేసుకుంటుంది. నొప్పిని, వాపును పెంచేవి కూడ అవే. బిళ్ళ వాటిని ఆపితే నొప్పి తగ్గుతుంది, దానితోపాటు ఆ నాళాలు కుంచించుకుపోతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషిలో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొబ్బరి దింపేవాడు, వల లాగేవాడు, జీడి బట్టీ దగ్గర కూర్చున్న ఆమె, అందరూ ఆ కోవలోని వారే. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండం ఉన్న ప్రాంతంలో ఈ బిళ్ళలు మరమరాల్లా అమ్ముడుపోవడం మాకు భయం కలిగిస్తున్నది.

ఇక చెయ్యి ఏమి చేస్తుందో చూద్దాము. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే రుద్దుకుంటాము. ఎందుకు? నొప్పి కబురును సన్నని నరపు పోగులు మోస్తాయి. స్పర్శను, ఒత్తిడిని మోసేవి లావు పోగులు, వీటి నడక చాలా వేగం. రెండూ వెన్నుపాముకే చేరాలి. లావు పోగుల నుండి కబురు దండిగా వస్తుంటే వెన్నుపాములోని ద్వారం దగ్గర నొప్పి కబురు కొంత వెనుకబడిపోతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ఈ సంగతిని ఒక సిద్ధాంతంగా చెప్పారు. దానిలోని వివరాలను తరువాతి వారు చాలా సవరించారు గాని మూలమైన మాట నిలబడింది. ఆ ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలను కనిపెట్టినందుకే 2021లో పటాపుటియన్ అనే శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన అమ్మమ్మలు బహుమతి లేకుండానే ఆ పని చేస్తూ వచ్చారు.

కండరం సంగతి వేరు. ఒకే భంగిమలో గంటల తరబడి ఉంటే కండరం బిగుసుకుంటుంది, లోపల రక్తం సరిగా పారదు, నొప్పి పుడుతుంది. నొప్పికి భయపడి కండరం ఇంకా బిగుస్తుంది. నెమ్మదిగా, లోతుగా ఒత్తుతున్నంత సేపు వెన్నుపాము నుండి ఆ కండరానికి వచ్చే ప్రేరణ తగ్గుతుంది. చెయ్యి తీసిన కొద్ది నిముషాలకే అది మామూలుకు వస్తుంది గాని, ఆ కాస్త వ్యవధిలో మనిషి నడుము చాచగలుగుతాడు, నాలుగడుగులు వేయగలుగుతాడు. అసలు వైద్యం ఆ నాలుగడుగులే. 2012లో కెనడా దేశంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 11 మంది యువకుల చేత గట్టి వ్యాయామం చేయించి, ఒక్కొక్కరికి ఒక కాలు మాత్రమే పది నిముషాలు మర్దన చేసి, రెండు కాళ్ళ నుండి చిన్న కండ ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన కాలిలో వాపును రేపే సంకేతాలు తగ్గినట్లు కనబడింది. మర్దన వలన కండలోని లాక్టిక్ ఆమ్లం పోతుందని అందరూ అనుకునే మాట మాత్రం రుజువు కాలేదు. పదకొండు మంది చాలా చిన్న సంఖ్యే, అయినా మన ఊహలకంటె నయం కదా.

సూదుల విషయం కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆక్యుపంక్చర్ చైనా వారి పాత వైద్యం. 1938లో మన దేశం నుండి చైనాకు వెళ్ళిన వైద్య బృందంలో, అక్కడే 1942లో ప్రాణం విడిచిన డాక్టర్ కోట్నిస్‌తోపాటు కలకత్తాకు చెందిన డాక్టర్ బసు కూడ ఉన్నారు. ఆయన ఆ తరువాత చైనాలో ఈ విద్య నేర్చుకొని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. చైనా వారు చెప్పే ప్రాణశక్తి దారులు శరీరాన్ని కోసి చూస్తే కనబడవు. కాని సూది గుచ్చినప్పుడు నరాలు స్పందించడం కనబడుతుంది. శరీరం తనకు తానే తయారుచేసుకునే నల్లమందు వంటి పదార్థాలను 1975లో కనుగొన్నారు. రెండేళ్ళ తరువాత, వాటి పనిని అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఇస్తే సూది వలన కలిగిన ఉపశమనం కూడ తగ్గిపోవడం గమనించారు. అంటే సూది, శరీరంలోని సొంత మందుల పెట్టెను తెరిపిస్తున్నదన్న మాట. గుచ్చిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి దగ్గరి నరాన్ని శాంతింపజేస్తున్నదని 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపాయి.

అయితే ఒక చేదు నిజం కూడ చెప్పాలి. జర్మనీలో 1162 మంది నడుము నొప్పి రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. సరియైన చోట సూదులు గుచ్చిన వారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. పాయింట్లు కాని చోట్ల, పైపైన గుచ్చిన వారిలో 44.2 శాతం మందికి మేలైంది. మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం పొందిన వారిలో 27.4 శాతం మందికే. దీనిని ఎవరికి కావలసినట్లు వారు చదువుకున్నారు. సూది గెలిచిందని కొందరు, సూది బూటకమని కొందరు. మేము చదివినది ఇది: ఏ బిందువులో గుచ్చారన్నది వారు చెప్పుకునేంత ముఖ్యం కాకపోవచ్చు. కాని చర్మాన్ని, కండను తాకి, రోగి దగ్గర అరగంట కూర్చొని చేసే వైద్యం, రెండు నిముషాలలో రాసిచ్చే చీటీకంటె ఎక్కువ పనిచేసింది. చీటీలు రాసే మా వంటి వారు దీని మీద కొంచెం ఆలోచించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2023 డిసెంబరులో, దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇవ్వదగిన వాటిలో వ్యాయామంతోపాటు మర్దనను, ఆక్యుపంక్చర్‌ను చేర్చింది. వీటికి సాక్ష్యం అంత గట్టిది కాదని కూడ ఆ సంస్థే చెప్పింది.

ఇంతవరకు చదివినవారు మేము మర్దన పక్షమని అనుకుంటారు. కండ నొప్పి విషయంలో అవును. కాని చెయ్యి గాని, సూది గాని దెబ్బతిన్న నరాన్ని తిరిగి మొలిపించవు. నరం మోసే కబురును కాసేపు మార్చగలవు, అంతే. కబురే రాని చోట అవి ఏమి చేస్తాయి?

ఈ మాట ఎందుకంటున్నామో చెప్తాము. ఏజెన్సీ అంచు గ్రామం నుండి ఒక యువకుడు వచ్చాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ముంజేతి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ. మోచేతి వెనుక నరం తాడులా లావెక్కి ఉన్నది. "నరాల బలహీనత" అని ఎవరో చెప్పగా ఎనిమిది నెలలు నూనె మర్దన చేయించుకున్నాడు, మధ్యలో బలం ఇంజక్షన్లు, కొన్నాళ్ళు సూదులు. చేసిన వారెవరూ చెడ్డవారు కారు. మచ్చ మీద దూదితో తాకి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అది కుష్ఠు. నరం వాచిన మొదటి నెలల్లో వచ్చి ఉంటే ప్రెడ్నిసొలోన్ బిళ్ళలతో ఆ చేతి బలం చాలావరకు నిలబడే అవకాశం ఉండేది. ఆరు నెలలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. జబ్బు మందులతో నయమైంది, వేళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. అతడు కల్లుగీత పని చేసేవాడు.

విచిత్రమేమంటే, ఆ తరువాత అతనికి మేము నేర్పింది కూడ నూనె రాసుకోవడమే! సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి, విజయనగరం లెప్రసీ మిషన్ ఆసుపత్రి వంటి చోట్ల పనిచేసిన వారికి ఇది బాగా తెలుసు. ఎండిన చేతిని నీళ్ళలో నానబెట్టి, గరుకు చర్మాన్ని మెల్లగా రుద్ది తీసి, తడి ఆరక ముందే నూనె రాసి, ముడుచుకున్న వేళ్ళను రెండవ చేతితో తొడ మీద పెట్టి చాపుకోవడం. దీని వలన నరం తిరిగి రాదు. చర్మం పగలదు, కీలు బిగుసుకుపోదు, ముందు ముందు శస్త్రచికిత్స చేసి వేళ్ళు చాపించే దారి మూసుకుపోదు. అదే నూనె, అదే చెయ్యి. ఎనిమిది నెలలు నష్టం చేసింది, ఇప్పుడు మేలు చేస్తున్నది. తేడా అంతా జబ్బు తెలిసి చేయడంలో ఉన్నది.

కాబట్టి మర్దనకు గాని, సూదికి గాని వెళ్ళే ముందు చూసుకోవలసినవి ఉన్నాయి. తిమ్మిరి, స్పర్శ లేకపోవడం, పాదం జారిపోవడం, చెప్పు తెలియకుండానే ఊడిపోవడం, ఇవి నిజంగా నరం సంగతులు. నడుము నొప్పితో మూత్రం ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వెన్ను మీద ఒకచోట నొక్కితే నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ కావచ్చు, అక్కడ ఒత్తనే కూడదు. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, రుద్దితే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోవచ్చు. మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిన మనిషికి నూనె కాచి రాస్తూ ఇంట్లో కూర్చుంటే కరిగిపోయేది మెదడే. సూదుల విషయంలో, మీ కళ్ళ ముందు కొత్త ప్యాకెట్టు చింపకపోతే లేచి వచ్చేయండి. ఎదురు రొమ్ములో లోతుగా గుచ్చనివ్వకండి, ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. కిడ్నీ, షుగరు సూదులతో నయం చేస్తామన్న బోర్డు కనబడితే లోపలికి వెళ్ళకండి.

మా వంటి ఆసుపత్రులకు కూడ ఒక మాట. నొప్పి బిళ్ళ మానమని చెప్పే ప్రతి ఓపీలోను ఒక మంచం, చేతులు నేర్చిన ఒక మనిషి ఉండాలి. ఖర్చు పెద్దది కాదు. ఫిజియోథెరపిస్టు రోగితోపాటు వచ్చిన కోడలికో, కొడుకుకో ఎలా ఒత్తాలో, ఎక్కడ ఒత్తకూడదో నేర్పి పంపితే ఆ విద్య ఇంటికి చేరుతుంది. పలాస నుండి వచ్చిన ఆ తల్లి విషయంలో మేము ఆలస్యంగానైనా చేసినది అదే. వేడి కాపడం, కూతురి చేత రాత్రి పదిహేను నిముషాల మర్దన, గంటకొకసారి లేచి నడుము వెనుకకు చాపడం, కూర్చోవడానికి ఎత్తు పీట, తప్పనిసరి అయితే పారాసెటమాల్. నొప్పి పూర్తిగా పోలేదు. పనికి వెళుతున్నది. క్రియాటినిన్ వెనుకకు రాలేదు గాని గడచిన రెండు పరీక్షలలో పెరగలేదు. మూడవ పరీక్షకు రావలసి ఉన్నది.

నడుము నొప్పి, మోకాలి నొప్పి అని మా దగ్గరకు వచ్చేటప్పుడు మీరు ఇంతవరకు వాడిన బిళ్ళల చీటీ తెచ్చుకోండి. చీటీ లేకపోతే ఖాళీ అయిన బిళ్ళల అట్ట అయినా పారేయకుండా తీసుకురండి. నొప్పి ఎక్కడ ఉన్నదో చూడడానికి ముందు మేము అడిగేది అదే.